కన్ను కట్టేదెవరు? ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రాత్రి భోజనాలయ్యాక ఒకసారి, తెల్లారి పెన్సిల్ పట్టుకుని ఇంకోసారి చదివాను. ఊరూరా తిరిగి గారడీ చేసుకునే ముసలాయన్ని హైదరాబాదు టీవీ స్టూడియోకి తీసుకురావడం మంచి ఆలోచన. బస్సు దిగి, పావురం బుట్ట మీద తువ్వాలు కప్పి, ఎండలో నడుస్తూ దారి అడుగుతాడే, ఆ మొదటి పేజీ మీద నేను ఒక్క గీతా పెట్టలేదు. నువ్వూ ఇక దాన్ని ముట్టుకోకు.

ఇబ్బందంతా స్టూడియో తలుపు దాటాక వచ్చింది. ‘అందరూ చూస్తుండగానే పావురం మాయమైపోయింది. జనం ఆశ్చర్యంతో నోళ్లు తెరిచారు’ అని రాశావు. ఎవరు చూస్తుండగా? స్టూడియో మెట్ల మీద కూర్చున్నవాళ్లా, ఇంట్లో కంచం ముందు పెట్టుకుని టీవీ చూస్తున్నవాళ్లా? అందరూ ఒకటే చూశారని నువ్వనుకున్నావు. వాళ్లు చూసింది ఒకటి కాదమ్మా. నీ కథ ఉన్నదే ఆ రెండు చూపుల మధ్య సందులో.

మన భాషలో కనికట్టు అని మంచి మాట ఉంది. కన్నును కట్టేయడం. చూసేవాడి కన్ను ఎటు పోవాలో, ఎటు పోకూడదో గారడీవాడు తన మాటతో, నవ్వుతో, భుజం తిప్పడంతో తేలుస్తాడు. అయితే కట్టాలంటే ముందు ఆ కన్ను విడిగా ఉండాలి.

నా చిన్నప్పుడు మా ఊరి పద్మశాలీల వాడకు సాధనాశూరులు వచ్చేవాళ్లు. పద్మశాలీలను ఆశ్రయించుకుని తరతరాలుగా తమ విద్యలు చూపిస్తూ బతికినవాళ్లు వాళ్లు. వేదిక లేదు, తెర లేదు, దాక్కోవడానికి పక్కన చీకటి లేదు. వీధి నడుమ ఆట, చుట్టూ జనం. ఒకసారి గుట్టు పట్టేద్దామని జనం కాళ్ల సందుల్లోంచి దూరి ఆటగాడి వెనక్కి చేరాను. ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది: చెమటకు వీపుకి అంటుకున్న చొక్కా, మెడలో నల్లదారం, మోచెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్లీ కదలడం. ఆయన అరచేతిలో రూపాయి బిళ్ల పోయింది. ముందున్నవాళ్లకి ఎలా పోయిందో, వెనకున్న నాకూ అలాగే పోయింది. ఆయన తల తిప్పి, ‘ఇటు దిక్కు కూడా చూసుకున్నవా బిడ్డా’ అన్నాడు. మోసపోయాననిపించలేదు నాకు. వెనక్కి వెళ్లి చూసుకోనిచ్చి మరీ గెలిచాడు.

టీవీ ముందు కూర్చున్నవాడు వెనక్కి వెళ్లలేడు. పక్కకి వంగి చూసినా బొమ్మ మారదు. మెజీషియన్ రాకముందే వాడి కన్నును ఇంకెవరో కట్టేశారు: కెమెరామన్, షాట్లు ఎంచే డైరెక్టర్, ఆ తర్వాత ఎడిటర్. అందుకే ఇంట్లో చూసేవాడి మొదటి అనుమానం చేతి మీదకు పోదు, కెమెరా మీదకు పోతుంది. ‘ఎడిటింగ్‌లో చేసుంటార్లే’ అన్న మాట నువ్వూ వినే ఉంటావు. ఆ ఒక్క మాటతో ముప్ఫై ఏళ్ల సాధన గాలికి పోతుంది.

పోవడం నేను కళ్లారా చూశాను. చాలా ఏళ్ల కిందట ఒక ఛానల్ వాళ్ల రికార్డింగ్‌కి, పత్రికకు రాయడం కోసం వెళ్లాను. పొద్దున పదింటికి రమ్మన్న పెద్దాయన్ని మధ్యాహ్నం మూడింటి దాకా కూర్చోబెట్టారు. ఆయన ఇంకా లోపలికి రాకముందే మా చేత చప్పట్లు కొట్టించి రికార్డు చేసుకున్నారు. ఫ్లోర్ మేనేజర్ చెయ్యెత్తితే ఆశ్చర్యపోవాలి, దించితే ఆపాలి. ముందు వరసలో ఒక చిన్నపిల్ల చేత రెండుసార్లు నోరు తెరిపించారు. తర్వాత పెద్దాయన వచ్చి, చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి, మూడు రాగి గిన్నెలు బల్ల మీద బోర్లించాడు. గుడ్డతో చుట్టిన చిన్న బంతులు ఒక గిన్నె కిందినుంచి ఇంకో గిన్నె కిందకి పోయాయి, వచ్చాయి. చివర్లో మధ్య గిన్నె ఎత్తితే కింద బంతి లేదు, పచ్చి నిమ్మకాయ ఉంది. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఆ చేతులు ఎక్కడా ఆగలేదు, ఎక్కడా దాగలేదు. అసలు చప్పట్లు అప్పుడు పడ్డాయి. వాటిని ఎవరూ అడగలేదు.

ప్రసారం రోజున ఇంట్లో చూశాను. ఆయన చెయ్యి మధ్య గిన్నె మీద పడింది. కట్. పొద్దున రికార్డు చేసిన పిల్ల తెరిచిన నోరు. కట్. గిన్నె కింద నిమ్మకాయ. మధ్యలో పోయింది ఒక్క సెకను. ఆ సెకనులో ఎవరైనా వచ్చి నిమ్మకాయ పెట్టి పోవచ్చు కదా అని మా ఇంట్లో వాళ్లే అన్నారు. మర్నాడు పెద్దాయన ఫోన్ చేశాడు. ‘నా చేతులు చూపించలేదు బాబూ. మా మనవడు కూడా నమ్మలేదు’ అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ ఎడిటర్ చెడ్డవాడని నేననుకోను. పాటల కార్యక్రమంలో అలాంటి కట్ అందంగా ఉంటుంది, అదే అలవాటుతో వేశాడు. కానీ మేజిక్‌లో అది ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చెరిపేయడం.

అమెరికాలో మార్క్ విల్సన్ అనే మెజీషియన్‌కి ఈ సంగతి ముందే తెలుసు. 1960 అక్టోబరులో సీబీఎస్ టీవీలో ఆయన శనివారం పొద్దుటి మేజిక్ కార్యక్రమం మొదలైంది. వీడియో టేపు కొత్తగా వచ్చిన రోజులు. స్టూడియోలో నిజమైన ప్రేక్షకులు ఉండాలి, వాళ్లకి కనిపించేదే ఇంట్లో మీకూ కనిపిస్తుందని చూసేవాళ్లకి చెప్పాలి, ట్రిక్ నడుస్తున్నంతసేపూ కెమెరా పక్కకు పోకూడదు. ఇవీ ఆయన పెట్టుకున్న కట్టుబాట్లు. తర్వాత వచ్చిన పెద్ద మెజీషియన్లు ఇదే దారి పట్టారు. కన్నును కెమెరా కట్టక తప్పదు కాబట్టి, ఎలా కట్టామో చూసేవాడికి ముందే చెప్పేయాలన్నది ఆయన పద్ధతి.

ఇప్పుడు నీకు రెండు రాత్రుల సంగతి చెప్పాలి. రెండూ లండన్‌లోనే, రెండూ ఏప్రిల్‌లోనే, రెండూ ప్రత్యక్ష ప్రసారాలే.

1956 ఏప్రిల్ 9. బెంగాల్ మెజీషియన్ పి.సి. సర్కార్ బీబీసీ పనోరమా కార్యక్రమానికి వచ్చాడు. బల్ల మీద పదిహేడేళ్ల దీప్తి డే. పైన గిర్రున తిరిగే రంపం. పెట్టె లేదు, అమ్మాయి ఎదురుగానే కనిపిస్తోంది. రంపం నడుము మీదుగా దిగింది. ఆగాక సర్కార్ ఆమె చేతులు రుద్ది పిలిచాడు. పలకలేదు. మొహం మీద గుడ్డ కప్పేశాడు. అంతలో కార్యక్రమం నడిపే రిచర్డ్ డింబుల్‌బీ కెమెరాకి అడ్డంగా వచ్చి కార్యక్రమం అయిపోయిందని చెప్పేశాడు. అమ్మాయి చచ్చిపోయిందనుకుని జనం చేసిన ఫోన్లతో బీబీసీ లైన్లు నిండిపోయాయి. సమయం చాలకపోవడం కూడా సర్కార్ లెక్క ప్రకారమే జరిగిందని చాలామంది అంటారు. నన్ను ఆలోచింపజేసేది వేరు. పనోరమా వినోద కార్యక్రమం కాదు, దేశ వ్యవహారాలు చర్చించే చోటు. డింబుల్‌బీది నవ్వులాటల గొంతు కాదు. నాటకశాలలో టికెట్ కొనుక్కుని కూర్చున్నవాడికి ఇది ఆట అని ముందే తెలుసు. ఆ రాత్రి ఇళ్లలో ఉన్నవాళ్లకి ఆ తెలివిడి ఇచ్చినవాళ్లు లేరు.

1984 ఏప్రిల్ 15. టామీ కూపర్ హర్ మెజెస్టీస్ థియేటర్ వేదిక మీద ఉన్నాడు. తలమీద ఎర్ర టోపీ పెట్టుకుని, ట్రిక్కులు చెడగొట్టుకుంటూ జనాన్ని నవ్వించడం ఆయన పద్ధతి. ఆ రాత్రి గుండెపోటు వచ్చి తెర ముందు అలాగే కూలబడ్డాడు. జనం నవ్వారు. అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా ఆయన ఏ పొరపాటు చేసినా నవ్వడం వాళ్లకి అలవాటు. ప్రసారం ప్రకటనలకు మళ్లింది. కూపర్ బతకలేదు.

ఒక రాత్రి బతికున్న పిల్ల చచ్చిపోయిందనుకున్నారు. ఇంకో రాత్రి చనిపోతున్న మనిషి ఆట ఆడుతున్నాడనుకున్నారు. ఇప్పుడు నీ కథ ఆరో పేజీ తీసి చూడు. ముసలాయన పిలిస్తే పావురం రాదు. స్టూడియో అంతా నవ్వుతుంది. ఆయనకు కంటినీళ్లు తిరుగుతాయి. ఇది రెండు వాక్యాల్లో దాటేశావు! నీ కథకి ప్రాణం అక్కడుందమ్మా. వాళ్లెందుకు నవ్వారు? క్రూరులై కాదు. యాంకర్ అంతసేపూ వాళ్లని నవ్వడానికి సిద్ధం చేసి పెట్టింది. కెమెరా ఆ కన్నీళ్ల మీదకు వెళ్లిందా, లేక యాంకర్ మీదకు తిరిగిందా? ఇంట్లో చూస్తున్న కోడలికి ఏం కనబడింది? పేజీ అంతా అక్కడే ఆగు.

దూరం సంగతి కూడా పట్టించుకో. 1918లో మెజీషియన్ హుడీనీ న్యూయార్క్ హిప్పోడ్రోమ్‌లో ఏనుగుని మాయం చేశాడు. అంత పెద్ద వేదిక మీద అది ఏనుగే. ఫోన్ తెర మీద అదే ఏనుగు చింతగింజంత. వేదిక మీద పెద్దదైంది తెర మీద చిన్నదైపోతుంది, చిన్నది పెద్దదైపోతుంది. రూపాయి బిళ్ల తెర నిండా వస్తుంది. నీ ముసలాయన ఇన్నాళ్లూ తన గొంతు వినిపించే దూరంలో ఉన్న జనానికి ఆడాడు. ఇప్పుడు క్లోజప్‌లో ఆయన గోటిలో మట్టి, చొక్కా కఫ్ దగ్గర వేలాడే దారం, పావురం గీరిన గాటు అన్నీ కనిపిస్తాయి. మానిటర్‌లో తన చేతులే అంత పెద్దవిగా చూసుకున్నప్పుడు ఆయనకేమనిపించింది? నువ్వు రాయలేదు. నేను ఆ గదిలో ఉంటే మొదట చూసేది అదే.

‘జనం నోళ్లు తెరిచారు’ అన్న వాక్యం దగ్గరికి వస్తాను. 1983లో డేవిడ్ కాపర్‌ఫీల్డ్ టీవీలో న్యూయార్క్ స్వేచ్ఛా ప్రతిమను, అదే స్టాట్యూ ఆఫ్ లిబర్టీని, మాయం చేసినప్పుడు, అక్కడ కొంతమందిని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టాడు. 1997లో డేవిడ్ బ్లేన్ వీధుల్లో పేకముక్కలతో తిరుగుతూ కెమెరాను చూసేవాళ్ల మొహాల వైపు తిప్పించాడు. ఇంట్లో ఉన్నవాడికి తన తరఫున చూసే మనిషి కావాలి. నీకూ కావాలి. ‘జనం’ వద్దు, ఒక్కరు చాలు. లైట్లు మోసే కుర్రాడు కావచ్చు, కుర్చీలు సర్దే అమ్మ కావచ్చు. అయితే ఆ మొహాన్ని చేతి పని పూర్తయ్యాకే చూపించు. ముందే చూపించావో, నువ్వూ ఆ ఎడిటర్ చేసిన పనే చేసినట్టు. మనవాళ్లలో బి.వి. పట్టాభిరామ్ గారు మెజీషియన్‌గా పేరు తెచ్చుకుని, తర్వాత మనస్తత్వశాస్త్రం వైపు, వ్యక్తిత్వ వికాస పాఠాల వైపు వెళ్లారు. చూసేవాడి మనసు మీద అంత ధ్యాస ఉన్న విద్య ఇది, ఆ దారి సహజమే అనిపిస్తుంది నాకు.

పావురం ఎక్కడ దాక్కుందో వివరించిన పేరా మొత్తం కొట్టేశాను. 1997లో ఫాక్స్ ఛానల్‌లో ముసుగు వేసుకున్న మెజీషియన్ ఒకాయన రహస్యాలన్నీ విప్పి చూపిస్తే జనం ఎగబడి చూశారు, తోటి మెజీషియన్లు మండిపడ్డారు. గుట్టు తెలిస్తే చాలాసార్లు ‘ఇంతేనా’ అనిపిస్తుంది. ఆ ఇంతేదాన్ని కనబడకుండా చెయ్యడానికి పట్టిన ఏళ్లు ఆ వివరణలో ఉండవు. పైగా నీ ముసలాయన రేపు మళ్లీ ఆ పావురంతోనే అన్నం తినాలి.

పావురం మాయమయ్యే చోటు మళ్లీ రాయి. ఆయన కుడిచెయ్యి బుట్ట మూత మీద పెట్టినప్పటి నుంచి, ఖాళీ బుట్ట అందరికీ చూపించేదాకా వాక్యాన్ని ఎక్కడా పక్కకు పోనివ్వకు. పోలికలు వద్దు, గతం వద్దు, ఆయన భార్య జ్ఞాపకం అక్కడ అస్సలు వద్దు. చేతులు మాత్రమే.

తిరగరాసి పంపు, తొందరేం లేదు. ఇంకొక్కటి అడగాలి. వచ్చేటప్పుడు బస్సులో పావురం బుట్ట ఒళ్లో పెట్టుకున్నాడని రాశావు. రికార్డింగ్ అయ్యాక, చీకటిపడ్డ తర్వాత తిరుగు బస్సెక్కాడు కదా, అప్పుడు ఆ బుట్ట ఎక్కడ పెట్టుకున్నాడు?

ఆశీస్సులతో,
మీ మాస్టారు