కొత్త సైకిల్ కొనబోతున్న మేనకోడలికి

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. మూడు సైకిళ్ల ఫొటోలు పెట్టి "ఏది కొనమంటావు మావయ్యా?" అని అడిగావు. మూడూ బాగానే ఉన్నాయి. ఒకే ధరలో దొరికే సైకిళ్ల మధ్య నువ్వు అనుకున్నంత తేడా ఉండదు. ఒకదానికి బ్రేకులు కాస్త మేలు, ఇంకోదానికి గేర్లు కాస్త మేలు, అంతే. దాన్ని ఎవరు బిగించి ఇస్తారు, ఆర్నెల్లు పోయాక ఎవరు చూస్తారు అన్న దగ్గరే అసలు తేడా వస్తుంది. అందుకే ఏది కొనాలో నువ్వే తేల్చుకో, ఎలా కొనాలో మాత్రం నేను చెప్తాను.

ముందు నేను బోల్తాపడ్డ సంగతి విను. ఒకసారి షాపువాడితో గంటసేపు గీచి గీచి బేరమాడాను. చివరికి వాడు విసుగొచ్చి "సరే తీసుకోండి" అన్నాడు. ఏదో గెలిచేసినట్టు సంబరపడ్డాను. అట్టపెట్టెలోంచి సైకిల్ తీసి ఒక కుర్రాడు పది నిమిషాల్లో బిగించి ఇచ్చేశాడు. రెండు వారాలకి ఎడమ కాలి కింద ఏదో కదులుతున్నట్టు అనిపించింది. ఇంకో నాలుగు రోజులకి, మెట్ట ఎక్కుతూ లేచి నిలబడి తొక్కుతుంటే పెడల్ ఊడి చేతికొచ్చింది. కాదు, కాలికొచ్చింది అనాలి.

ఏమైందంటే, సైకిల్‌కి ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. తొక్కేకొద్దీ వదులు కాకుండా ఉండాలని అలా చేస్తారు. ఆ కుర్రాడు తొందరలో మర తప్పించి ఎక్కించి, పానాతో బలవంతంగా బిగించేశాడు. పెడల్‌ని బిగించే చెయ్యి, అంటే క్రాంక్, అల్యూమినియంది, పెడల్ ఇరుసేమో ఉక్కుది. మెత్తటి దాని మరలన్నీ నుజ్జయిపోయాయి. షాపుకి తీసుకెళ్తే "వాడకంలో పోయింది సార్, వారంటీ రాదు" అని చేతులు దులుపుకున్నాడు. బేరంలో మిగిల్చిన దానికంటే కొత్త క్రాంక్‌కే ఎక్కువైంది.

అప్పటినుంచి నేను షాపులోకి వెళ్తే ముందు సైకిళ్లు చూడను, వెనకాల రిపేరు చేసే చోటు చూస్తాను. సైకిల్‌ని పైకి ఎత్తి పట్టే స్టాండు ఉందా? చక్రం ఔట్, అంటే వంకర, తీసే స్టాండు ఉందా? పానాలు ఒక వరసలో వేలాడుతున్నాయా, బకెట్లో కుప్పగా పడి ఉన్నాయా? రిపేరుకొచ్చిన సైకిళ్లకి చీటీలు కట్టి ఉన్నాయా? కాసేపు అక్కడే నిలబడి మెకానిక్‌ని మాటల్లో పెట్టు. "ఈ సైకిల్లో మీకు ఎక్కువ రిపేర్లు ఏమొస్తాయి?" అని అడుగు. అమ్మేవాడు "ఏమీ రావు మేడమ్" అంటాడు. మెకానిక్ మాత్రం ఆలోచించి ఏదో ఒకటి చెప్తాడు. ఆ చెప్పిన మాటకే ఆ షాపు మీద నాకు నమ్మకం కుదురుతుంది.

ఇక కొలత. 26 అంగుళాలు, 29 అంగుళాలు అని వాళ్లు చెప్పేది చక్రం కొలత, నీ కొలత కాదు. పెద్దవాళ్ల సైకిల్‌కి చూడాల్సింది ఫ్రేమ్ సైజు. ఇంట్లోనే చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, ఒక గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పైదాకా నొక్కిపట్టి, అక్కణ్ణించి నేలదాకా కొలుచుకో. ఆ సంఖ్యని 0.88తో గుణిస్తే పెడల్ చేతులు తిరిగే ఇరుసు నుంచి సీటు పైదాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. 75 సెంటీమీటర్లు వస్తే సీటు 66 దగ్గర పెట్టి మొదలుపెట్టొచ్చు. షాపులో "సీటు కిందికి దించితే మీకు సరిపోతుంది" అంటే ఒప్పుకోకు. సీటు పైకీ కిందికీ జరుగుతుంది గానీ ఫ్రేమ్ పొడవు మారదు. స్టాకులో మిగిలిపోయిన సైజుని అంటగట్టడానికి వాడే మాట అది. నీ సైజు లేకపోతే తెప్పించమని అడుగు, ఆగు. సైజు కుదరని సైకిల్ సగం ధరకిచ్చినా నాకైతే వద్దు.

గేర్ల సంఖ్య చూసి మురిసిపోకు. 21 గేర్లంటే ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు. వాటిలో చాలా వరకు ఒకదాని పని ఇంకోటి చేసేవే. ముందు పెద్దదీ వెనక పెద్దదీ కలిపి వేస్తే చైన్ అడ్డంగా లాగుతుంది, కాబట్టి కొన్ని కలయికలు ఎలాగూ వాడవు. నువ్వు వెళ్లేది తారు రోడ్డు మీద కాబట్టి ముందు షాకబ్జార్బర్ కూడా వద్దు. చవక సైకిళ్ల మీద అది చూడ్డానికి గంభీరంగా ఉంటుంది, బరువు పెంచుతుంది, నువ్వు పెట్టిన బలంలో కొంత మింగేస్తుంది. నీ మూడు ఫొటోల్లో ఎర్రదానికి అది ఉంది. రంగు బాగుంది, ఒప్పుకుంటాను.

బేరం గురించి చెప్తాను. కొత్త మోడల్ వచ్చే ముందు, వచ్చిన కొత్తల్లో పాత స్టాకు వదిలించుకోవాలని షాపువాళ్లకీ తొందర ఉంటుంది. రెండు మోడళ్ల మధ్య మారింది రంగూ స్టిక్కర్లూ మాత్రమేనేమో చూసుకో, చాలాసార్లు అంతే ఉంటుంది. డిస్‌ప్లేలో చాలాకాలం నిలబెట్టిందయితే టైర్ల పక్కల సన్నటి పగుళ్లున్నాయేమో గోటితో నొక్కి చూడు. రద్దీ లేని పూట వెళ్లు. జనం మూగినప్పుడు నీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.

ధర కొంతవరకే తగ్గుతుంది, సైకిల్ మీద వాళ్లకి మిగిలేది నువ్వు ఊహించినంత ఉండదు. లైట్లు, తాళం, మడ్గార్డులు లాంటి వాటి మీద మాత్రం మిగులుతుంది. కాబట్టి ధర దగ్గర ఒక మెట్టు దిగాక అక్కడ ఆగి, అవి అడుగు. ఇంకో చిన్న వస్తువు కూడా అడుగు, ఎవరికీ తట్టదు అది. వెనక గేర్ మార్చే యంత్రాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క ఉంటుంది, హ్యాంగర్ అంటారు. సైకిల్ కుడివైపు పడితే ఫ్రేమ్ బదులు అది వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. ఒక మోడల్‌ది ఇంకోదానికి సరిపోదు. రెండేళ్లయ్యాక వెతికితే దొరక్కపోవచ్చు. అందుకే ఒకటి స్పేర్‌గా ఇవ్వమను. అది అడిగావంటే నీకు విషయం తెలుసని మెకానిక్‌కి కూడా అర్థమవుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా అడగాల్సింది ఫ్రీ సర్వీస్. "ఫ్రీ సర్వీస్ ఉంది" అన్న మాటతో సంతృప్తి పడకు. ఎన్నిసార్లు, ఎన్ని నెలల్లోపు, అందులో ఏమేం చేస్తారు, చక్రాల ఔట్ తీస్తారా, గేర్లు సరిచేస్తారా అని అడిగి బిల్లు మీదే రాయించుకో. ఫ్రేమ్ నంబర్ కూడా బిల్లు మీద ఉండాలి. చాలా సైకిళ్లకి అది పెడల్ చేతులు తిరిగే ఇరుసు కింద, ఫ్రేమ్ మీద చెక్కి ఉంటుంది. తిరగేసి ఫొటో తీసిపెట్టుకో, దొంగతనం జరిగితే పనికొచ్చేది అదే. వారంటీ ఫ్రేమ్‌కి ఉంటుంది గానీ టైర్లు, చైన్, బ్రేక్ ప్యాడ్ల లాంటి అరిగే వాటికి మామూలుగా ఉండదు.

డబ్బు కట్టిన రోజే ఇంటికి తెచ్చేసుకోవాలని ఉబలాటపడకు. "రేపు వస్తాను, నిదానంగా బిగించండి" అను. ఆ ఒక్క మాటకి మెకానిక్ ముఖం ఎలా వెలుగుతుందో చూడు.

మర్నాడు వెళ్లాక మొహమాటపడకుండా పావుగంట తీసుకో. రెండు పెడళ్ల ఇరుసుల మీద ఎల్, ఆర్ అని అక్షరాలుంటాయి, ఎల్ ఎడమ వైపే ఉందా చూడు. ముందు బ్రేక్ గట్టిగా పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపు. హ్యాండిల్ కింద టక్ టక్‌మంటే అక్కడ వదులుందన్నమాట. క్రాంక్ పట్టుకుని పక్కలకి కదిపి చూడు. చక్రం ఎత్తి తిప్పి, రిమ్ముకీ బ్రేకుకీ మధ్య సందు ఒకేలా ఉందా, ఒకచోట తగులుతోందా గమనించు. డిస్క్ బ్రేకయితే చక్రంతో పాటు తిరిగే గుండ్రటి రేకు ఎక్కడా ఒరుసుకోకూడదు. సీటు గొట్టం మీద ఒక గీత గీసి ఉంటుంది, అది బయటికి కనబడుతుంటే సీటు మరీ పైకి లేపారని అర్థం. ఆ తర్వాత ఒక రౌండు తొక్కి గేర్లన్నీ ఒక్కొక్కటిగా మార్చు. ఏదైనా తేడా కనిపిస్తే అక్కడే చేయించుకో. గడప దాటాక అదే పని రేపు, ఎల్లుండి అవుతుంది.

డిస్క్ బ్రేకులు మొదటిరోజు సరిగ్గా పట్టడం లేదని కంగారుపడకు. కొత్త ప్యాడ్లు రేకు మీద కుదురుకోవాలి. ఖాళీ చోట కాస్త వేగం అందుకుని, దాదాపు ఆగేదాకా బ్రేక్ వేసి, మళ్లీ తొక్కి, అలా ఓ ఇరవై సార్లు చెయ్యి. రేకు మీద మాత్రం నూనె చెయ్యి పడనీకు.

మొదటి నెలలో బ్రేకులు కొంచెం వదులవుతాయి, గేర్లు ఒకటి వేస్తే ఇంకోటి పడుతుంటాయి, చక్రం కొద్దిగా ఔట్ రావచ్చు. కొత్త కేబుళ్లూ స్పోకులూ సర్దుకోవడం అది, సైకిల్ పాడవడం కాదు. మొదటి ఫ్రీ సర్వీస్ ఇందుకే. చాలామంది "బానే నడుస్తోందిగా" అని వెళ్లరు. నువ్వు వెళ్లు. వెళ్లేటప్పుడు బురద తుడిచి తీసుకెళ్లు, మంచి సర్వీస్ సగం అక్కడే వస్తుంది. "ఏదో సౌండొస్తోంది" అంటే వాళ్లకేం తెలుస్తుంది? తొక్కేటప్పుడు వస్తోందా, ఊరికే దొర్లేటప్పుడూ వస్తోందా, ఏ గేర్లో అని రెండ్రోజులు గమనించి చెప్పు. నా పెడల్ కదిలినప్పుడు ఆ వారమే వెళ్లి ఉంటే క్రాంక్ మిగిలేదేమో కూడా. నా బద్ధకం వాటా కూడా అందులో ఉందిలే.

అన్నట్టు, వాళ్లని పంపు అడగొద్దు, ఆ బేరం ఇంకోదానికి వాడుకో. ప్రెషర్ ముల్లున్న నిలువు పంపు నా దగ్గరుంది, రెండు రకాల వాల్వులకీ పడుతుంది. శనివారం సైకిల్ మీద వచ్చి తీసుకెళ్లు. పెడళ్లు నేనొకసారి చూడాలి.

మావయ్య