పరుగు సరే, చెవులు చూపించుకున్నావా?

ఒరేయ్ చిన్నా,

సిగరెట్లు మానేశావంట, నాలుగున్నరకే లేచి పరిగెడుతున్నావంట, మీ పెదనాన్నకి వచ్చిన డిమెన్షియా, అదే ఆ మతిమరుపు జబ్బు, నీకు రాకూడదని. మీ అమ్మ చెప్తుంటే ఎంత మురిసిపోయానో అంత కంగారు పడ్డా. అర్ధరాత్రి దాకా లాప్‌టాప్ ముందు కూర్చుని నాలుగున్నరకి లేవడం ఏం ఆరోగ్యం రా? ముందు కడుపునిండా నిద్రపో. వారానికి 150 నిమిషాలు కాస్త గట్టిగా నడిచినా మంచిదే.

సిగరెట్ మళ్ళీ ముట్టకు. మందు కూడా తగ్గించు, నాకు తెలీదనుకోకు. నలభై దాటావు కాబట్టి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకో, బీపీ పై నంబర్ 130 దాటనివ్వకు. జ్ఞాపకశక్తికని ఏవో డబ్బాలు ఆర్డర్ పెట్టావంట, దండగ. టెస్టులో విటమిన్ బీ12 తక్కువని తేలితే అది వేరే సంగతి.

అసలు నా భయమంతా చెవుల గురించి. నవ్వకు. మీ పెదనాన్నకి వినపడట్లేదని మాకు ఎప్పుడో తెలుసు, టీవీ సౌండ్ వీధి చివరికి వినిపించేది, ఆయన మాత్రం మీరే గొణుగుతున్నారని మా మీద ఎగిరేవారు. పోరగా పోరగా చెవి మిషన్ కొన్నారు, కుయ్యిమంటోందని రెండ్రోజులకే తీసి సొరుగులో పడేశారు, సెట్ చేయించుకుందాం రమ్మంటే ముసలాణ్ణి చేస్తావా అని కసిరారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు, నలుగురిలో కూర్చుంటే ఊరికే తలూపేవారు, ఆ తర్వాత కూర్చోవడమే మానేశారు. మతిమరుపు మొదలైనా ఆయనకి వినపడకే అలా చేస్తున్నారని మేం చాలాకాలం అనుకున్నాం. చెవుల వల్లే వచ్చిందని నేననను, ఎవరూ చెప్పలేరు. కానీ 2024లో లాన్సెట్ కమిషన్, అంటే లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల బృందం, డిమెన్షియాకి మనం సరిచేసుకోగల కారణాలు 14 చెప్పింది, అవన్నీ లేకుండా చేస్తే దాదాపు 45 శాతం కేసులు ఆపడమో వాయిదా వేయడమో కుదరొచ్చంట, వాటిలో చెడ్డ కొలెస్ట్రాల్‌తో పాటు వినికిడి లోపమే అన్నిటికన్నా పైనుంది. అది జనం మొత్తానికి వేసిన లెక్క రా, నీ ఒక్కడికీ గ్యారంటీ కాదు, అలాగని ఆయన పోలికలు నీకొచ్చాయి కదా అని రోజూ భయపడుతూ బతక్కు. మొన్న తాళాలు మర్చిపోయి మీ అమ్మ దగ్గర ఏడ్చావంట, పిచ్చి సన్నాసీ, తాళాలు అందరూ మర్చిపోతారు.

పరిగెత్తేటప్పుడు ఆ హెడ్‌ఫోన్స్ సౌండ్ తగ్గించు. ఒక్కడివే కాకుండా ఫ్రెండ్స్‌ని కూడా లాక్కెళ్ళు, మనుషులతో మాట్లాడ్డం కూడా అవసరమే. చెవుల టెస్ట్ అయ్యాక ఫోన్ చెయ్, మెసేజ్ పెట్టకు. కుడిచెవి వైపు మాట్లాడు, ఎడమది నాకూ కాస్త తగ్గింది, గురువారం చూపించుకోడానికి వెళ్తున్నా.

మీ పెద్దమ్మ