మత్తులో జోగేదెవరు?

సందేహం: “మెఫెడ్రోన్ మత్తులో జోగుతున్న యువత” అని పత్రికలో శీర్షిక చూశాను. ఫార్మసీ చదువుతున్న మా అబ్బాయి, “అది నిద్ర పట్టనివ్వని మందు, మత్తెలా అవుతుంది నాన్నా?” అంటున్నాడు. గంజాయికీ, నల్లమందుకీ, దీనికీ ఒకే మాట వాడవచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: మీ అబ్బాయి ‘మత్తు’ను పట్టుకున్నాడు. నాకైతే ‘జోగుతున్న’ దగ్గరే ఒళ్లు మండింది. జోగడమంటే కూర్చున్నచోటే తల వాల్చి కునికిపాట్లు పడడం. నల్లమందు వేసుకున్నవాడు జోగుతాడు. నిద్ర తెప్పించే అల్ప్రాజోలం మందు కలిపిన కల్తీ కల్లు తాగినవాడూ జోగుతాడు. మెఫెడ్రోన్ పీల్చినవాణ్ణి బతిమాలినా జోగడు. దవడలు బిగబట్టుకుని, గుండె దడదడలాడుతూ, తెల్లవార్లూ తిరుగుతాడు. అయినా ‘మత్తు’ అని రాయగానే మనవాళ్ల చెయ్యి దానంతటదే ‘జోగు’ వైపు పోతుంది. తలకొక మాట తోకొక మాట ముందే కట్టిపెట్టుకుని వార్తలు రాస్తే ఇలాగే ఉంటుంది.

ఇక ‘మత్తు’. దీని మూలం సంస్కృతంలోని ‘మత్త’, ధాతువు ‘మద్’. ఆ మాటలో నిద్ర ఊసే లేదు. మత్తేభమంటే కణతల నుంచి మదజలం కారుతూ, గొలుసు తెంచుకుని, మావటిని కూడా లెక్కచేయని ఏనుగు. మత్తకోకిల గొంతు చించుకుని కూస్తుంది తప్ప గుర్రుపెట్టదు. పారసీకంలో ‘మస్త్’ దీనికి స్వయానా దాయాది. మీ జిల్లాలో రోజూ వినపడే ‘మస్తుగుంది’లో ఉన్నది ఆ మాటే. సంస్కృతంలోని ‘ఉన్మత్త’ మన పెరట్లోకొచ్చి ఉమ్మెత్త అయింది. దాని గింజ తిన్నవాడికి పట్టేది పిచ్చి.

పోతన పద్యం ఒకటుంది, ప్రహ్లాదుడి నోట. “మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే మదనములకు” అని ఎత్తుకుంటాడు. ఈ ‘మదనములు’ అంటే మన్మథుళ్లని అర్థం చెప్పిన మాస్టారు ఒకాయన ఉండేవారు! అవి ఉమ్మెత్తపూలు. అక్కడ మొదలుపెట్టి, పద్యం చివర వచ్చే ఎత్తుగీతిలో “చింతనామృత పాన విశేష మత్త చిత్త” మంటాడు. ‘మద్’ ధాతువు పుట్టించిన రెండు మత్తులను పద్యానికి చెరో కొసనా కట్టాడన్నమాట: మొదట తుమ్మెద కాదన్న ఉమ్మెత్త, చివర హరిపాదాలు వదలని మనసు. ఆ మత్తచిత్తం జోగడం లేదు. ఒకేదాని మీద కళ్లు పెట్టుకుని మేలుకుని ఉంది. నలభై ఏళ్లుగా చదువుతున్నాను, ఈ ‘మత్త’ దగ్గర ఇప్పటికీ ఆగుతాను.

తెలుగులోకి వచ్చాకే మాటకి కునుకు పట్టింది. నిద్రమత్తు, మత్తు ఇంజెక్షన్, ఆపరేషన్‌కి ముందు వచ్చే మత్తు డాక్టరు, అన్నీ ఆ కొత్త అర్థం పిల్లలే. కాబట్టి మీ అబ్బాయి తెలుగు ప్రకారం ఒప్పు, పత్రిక సంస్కృతం ప్రకారం ఒప్పు. పత్రికకి ఆ సంగతి తెలిసి రాసిందని మాత్రం నేననను.

సరుకు సంగతికొస్తే, యెమెన్‌లో బుగ్గన పెట్టుకుని నమిలే ఖాత్ ఆకులో కేథినోన్ అనే హుషారెక్కించే రసాయనం ఉంటుంది. మెఫెడ్రోన్ దానికి ల్యాబులో పుట్టిన చుట్టం. 1929లోనే తయారైనా, మన మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది 2015లో. కొకైన్ హుషారు అరగంట, గంటలో దిగిపోతే దీనిది రెండు మూడు గంటలు. దిగుతుండగానే మళ్లీ కావాలనిపిస్తుంది. ఇలాగే నిద్ర చెడగొట్టే మెథాంఫెటమిన్ అయితే పన్నెండు గంటలు కూడా పట్టుకుంటుంది. నల్లమందు మోతాదు మించితే ఊపిరి మందగించి ప్రాణం పోతుంది. మెఫెడ్రోన్ లాంటివాటితో అయితే గుండె, ఒంటివేడి అదుపు తప్పుతాయి. చట్టమూ మాటలో తడబడింది. ‘నార్కోటిక్’కి మూలమైన గ్రీకు మాటకి తిమ్మిరి అని అర్థం, నిద్ర చెడగొట్టే కొకైన్‌ని 1985 నాటి ఆ మాదకద్రవ్యాల చట్టం ‘నార్కోటిక్’ గదిలోనే కూర్చోబెట్టింది.

‘మందు’ అచ్చతెలుగు, రోగానికీ, పురుగుకీ, బాణసంచాకీ, సీసాకీ చెల్లుతుంది. ‘నిషా’ అరబ్బీ, ఉర్దూల దారిన వచ్చింది. ‘ఉత్ప్రేరకం’ (క్యాటలిస్ట్) రసాయనశాస్త్రం వాళ్లది, వాళ్లకే ఉంచండి.

అన్నిటికీ కలిపి ‘మాదకద్రవ్యం’ అనవచ్చు, అదీ ‘మద్’ సంతానమే. విడిగా చెప్పాల్సివస్తే మెఫెడ్రోన్ లాంటివాటికి ‘ఉత్తేజకం’ నయమనిపిస్తుంది, కాస్త టానిక్కు పేరులా వినిపించినా. ‘మత్తుపదార్థం’ అన్నా నేను కొట్టెయ్యను. ‘జోగడం’ మాత్రం కల్లు కాంపౌండుకి వదిలేయమనండి.