పెంకుటింటికి ఫామ్‌హౌస్ సోకులు... మూడేళ్లు కిస్తీలు!

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. నెలకు చేతికి 85 వేలు వస్తుంది. అద్దె, కారు కిస్తీ, పిల్లల చదువులతో కలిపి ఖర్చు 60 వేలు. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 5 వేల సిప్, బ్యాంకులో 70 వేల ఎఫ్‌డీ ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ మా నలుగురికీ వర్తిస్తుంది. తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్న (68), అమ్మ (64, షుగర్ ఉంది) ఉంటున్న పెంకుటింటిని ఈ వేసవి సెలవుల్లోపు ఫామ్‌హౌస్ స్టైల్లోకి మార్చాలని మా ఆవిడకూ పిల్లలకూ ఆశ. తెల్ల చెక్క పలకల సీలింగ్, జారుడు తలుపు, లైట్లు, ఉయ్యాల, సోఫాలకు ఇంటీరియర్ వాళ్లు 3.6 లక్షలు చెప్పారు. 3 లక్షలు పర్సనల్ లోన్ (16 శాతం, మూడేళ్లు) తీసుకుని, మిగతా 60 వేలకు కార్డు మీద ఏడాది నో కాస్ట్ ఈఎంఐ పెడదామనుకుంటున్నాను. ఏప్రిల్‌లో 90 వేలు బోనస్ వస్తుంది. నా బడ్జెట్‌కు సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. కిస్తీ కట్టగలిగితే చాలు, బడ్జెట్‌లో ఉన్నట్టే అనుకుంటున్నారు చాలామంది. ప్రతి మార్చిలో నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాంటివే. ఒకరికి ఏసీ, ఇంకొకరికి ఊటీ ప్రయాణం, మీకు ఫామ్‌హౌస్.

ముందు మీ లెక్కే చూద్దాం. 85 వేల జీతంలో ఖర్చు, సిప్ పోగా నెలకు 20 వేలు మిగలాలి. అంటే ఏడాదికి 2.4 లక్షలు. మరి బ్యాంకులో 70 వేలే ఎందుకున్నాయి? మీ ఖర్చు 60 వేలు కాదన్నమాట. ఎక్కడో కారుతోంది, మీరు చూసుకోలేదు. లోన్ సంగతి తర్వాత, మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసి ఆవిడా మీరూ కలిసి కూర్చోండి.

16 శాతం మీద 3 లక్షలకు 36 నెలల కిస్తీ సుమారు 10,550 రూపాయలు. మొత్తం కట్టేది దాదాపు 3.8 లక్షలు. అంటే దగ్గర దగ్గర 80 వేలు వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం వేసినా, జీఎస్టీతో కలిపి మరో 7 వేలు. దీనికి కార్డు కిస్తీ నెలకు 5 వేలు తోడవుతుంది. కాగితం మీద మిగులుతున్న 20 వేలల్లో ఇక మిగిలేది నాలుగున్నర వేలు. ఈ కిస్తీలు సరిగ్గా జూన్‌లో, పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంల మీద వచ్చి పడతాయి. అప్పుడేం చేస్తారో నేను చెప్పగలను. కార్డు బిల్లులో మినిమం డ్యూ, అంటే బ్యాంకు అడిగే కనీస మొత్తం మాత్రమే కట్టి ఊరుకుంటారు. ఆ బకాయి మీద నెలకు 3 నుంచి 3.75 శాతం దాకా వడ్డీ పడుతుంది. ఏడాదికి లెక్కేసుకోండి.

ఇప్పుడు నాకు అసలు టెన్షన్ పెట్టిన విషయం. మీ దగ్గర అత్యవసర నిధి లేదు. 70 వేలంటే నెల ఖర్చు, పైన పది వేలు. ఆరు నెలల ఖర్చు ఉండాలని నేను ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు. మీ విషయంలో అది 3.6 లక్షలు. చూశారా, ఇంటీరియర్ వాళ్లు చెప్పిన అంకే! ఉద్యోగం మూడు నెలలు పోతే అద్దె ఆగదు, కారు కిస్తీ ఆగదు, ఈ సీలింగ్ కిస్తీ కూడా ఆగదు. చెక్క పలకలు ఊడదీసి అమ్ముకుంటే ఎంతొస్తుంది?

పైగా ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు పెద్దవాళ్లు. కంపెనీ పాలసీలో వాళ్లు లేరు. అమ్మగారికి ఏ రాత్రో గుంటూరు తీసుకెళ్లాల్సి వస్తే ఆసుపత్రి కౌంటర్‌లో అడ్వాన్స్ అడుగుతారు. నా దగ్గరికి వచ్చిన ఒకాయన అలాంటి రాత్రి భార్య గాజులు కుదువపెట్టాడు. అంతకు రెండు నెలల ముందే ఇంటికి మాడ్యులర్ కిచెన్ పెట్టించాడు, అదీ అప్పు మీదే. వాళ్లిద్దరికీ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. షుగర్ సంగతి దాచొద్దు. ముందునుంచీ ఉన్న జబ్బులకు పాలసీ డబ్బు ఇవ్వని వెయిటింగ్ కాలం గరిష్ఠంగా మూడేళ్లు ఉండొచ్చు కాబట్టి, ఆలస్యం చేసినకొద్దీ నష్టం మీకే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. 20 వేల మిగులులోంచి మొదట కట్టాల్సింది ఆ ప్రీమియమే. నాన్నగారికి 70 నిండగానే ఆయుష్మాన్ భారత్‌లో నమోదు చేయించండి.

బోనస్ 90 వేలల్లో 60 వేలు అత్యవసర నిధికి వేయండి. ఉన్న 70 వేలతో కలిపి 1.3 లక్షలు అవుతుంది. లోన్‌కు కడదామనుకున్న 10,500 నెలనెలా, అవసరమైతే త్వరగా వెనక్కి తీసుకోగలిగే స్వీప్ ఇన్ ఎఫ్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో వేస్తే 22 నెలల్లో 3.6 లక్షలు పూర్తవుతుంది. ఆ అప్పు తీరడానికి 36 నెలలు పట్టేది. బంగారం మీద లోన్ చవక కదా అంటారేమో. చవకే, సీలింగ్ కోసం మాత్రం వద్దు. ఎఫ్‌డీ కదిలించొద్దు. తర్వాత హోమ్‌స్టేకి ఇచ్చి డబ్బు రాబడతాం అన్న ఆలోచన ఉంటే, అమ్మానాన్నలను ఎక్కడ పడుకోబెడతారో ముందు చెప్పండి.

బోనస్‌లో మిగిలిన 30 వేలు ఇంటికి. ఇది తక్కువేం కాదు. రీల్స్‌లో చూపించే ఆ ఫామ్‌హౌస్ పల్లెటూరి ఇంటికి నకలు. అసలుది మీకే ఉంది. గోడలకు సున్నం వేయించండి. అయితే పాత డిస్టెంపర్ ఉంటే గీకించాలి, లేకపోతే పెచ్చులుగా రాలుతుంది. కిటికీలకు మంగళగిరి నూలు గుడ్డ, మీకు పక్కనే. అటక మీది గంగాళం, ఇత్తడి బిందెలు దింపి చింతపండుతో తోమిస్తే లైట్ల అవసరం ఉండదు. పాత మంచాలకు కొత్త నులక అల్లించి వేపచెట్టు కింద వేయండి, పిల్లలు సోఫా అడగరు. దూలానికి కొక్కేలుంటే ఉయ్యాల బల్లకు వడ్రంగి కూలి చాలు. వరండాకు మేదర్ల దగ్గర వెదురు తడికలు కొనండి. వట్టివేళ్ల తడికలు కూడా బాగుంటాయి కానీ, మీ వైపు ఉక్కపోతలో చల్లదనం కన్నా వాసనే ఎక్కువ దక్కుతుంది. నాకు ఆ వాసన ఇష్టం, అది వేరే సంగతి.

ఆ 30 వేలల్లో మొదటి ఖర్చు మాత్రం ఇవేవీ కాదు. పెంకుటింటికి చెక్క సీలింగ్ కొడితే పైన ఏ పెంకు పగిలిందో, ఏ వాసానికి చెద పట్టిందో కనపడదు. వానలకు ముందు పెంకు సర్దించి, పుచ్చిన వాసాలు మార్పించాలి. 3.6 లక్షల కొటేషన్‌లో ఆ పనే లేదు! నాన్నగారికి ఇవాళే ఫోన్ చేసి, పెంకు సర్దే మనిషికి చెప్పి ఉంచమనండి. మే నెల వచ్చిందంటే ఊరంతా ఆయన కోసమే తిరుగుతుంటారు.