పొడుగు జూమ్ లెన్సు కొనాలా, వద్దా: మేనల్లుడికి ఒక లేఖ

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. పక్షుల ఫోటోలకు నికాన్ 200-500 లెన్సు తీసుకోమంటావా, సిగ్మా 150-600 తీసుకోమంటావా అని అడిగావు గానీ, అసలు అంత పొడుగు లెన్సు నీకు కావాలా అన్న ప్రశ్న మాత్రం ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. లక్ష రూపాయల దగ్గర పడే వస్తువు గురించి అడిగినప్పుడు మొదట తేల్చుకోవలసింది అదే కాబట్టి, నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. స్టూడియో నడిపినన్నాళ్లూ ఎందరో కుర్రాళ్లు ఇదే మోజుతో నా దగ్గరకు వచ్చారు. వాళ్లలో కొందరికి కొనమని చెప్పాను, ఎక్కువమందికి ఆగమని చెప్పాను. నీకు ఏది చెప్పాలో నీ ఫోటోలను బట్టే తేలుతుంది.

కిందటి శీతాకాలం శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురంలోనూ నౌపడ ఉప్పు మడుల దగ్గరా నువ్వు తీసిన ఫోటోలన్నీ కంప్యూటరులో తెరిచి, బాగా వచ్చినవాటిని పక్కన పెట్టి, చెడిపోయినవాటిని మాత్రమే ఒక్కొక్కటిగా చూడు. ప్రతి ఫోటోతో పాటు కెమెరా రాసి పెట్టుకున్న వివరాలు ఉంటాయి గదా, అందులో ఫోకల్ లెంగ్త్ (లెన్సు పొడవును, అంటే దూరాన్ని ఎంత దగ్గరకు లాగుతుందో చెప్పే మిల్లీమీటర్ల అంకె) ఎంతో, షట్టరు వేగం ఎంతో, ఐఎస్‌ఓ (వెలుతురు తక్కువైనప్పుడు కెమెరా పెంచుకునే అంకె) ఎంతో ఒక కాగితం మీద రాసుకో. నీ 70-300 లెన్సును చివరిదాకా, అంటే 300 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి తీసినా పక్షి చిన్నదిగానే వచ్చిన ఫోటోలు ఎన్ని, పక్షి తగినంత పెద్దదిగానే ఉన్నా చేయి కదలడం వల్లనో, షట్టరు వేగం చాలకనో, ఫోకస్ వెనక కొమ్మ మీద పడడం వల్లనో చెడిపోయినవి ఎన్ని అని విడదీసి చూడు. మొదటి రకం ఎక్కువైతే పొడుగు లెన్సు గురించి మాట్లాడుకోవచ్చు. రెండో రకం ఎక్కువైతే పొడుగు లెన్సు ఆ లోపాలను తగ్గించకపోగా పెంచుతుంది, ఎందుకంటే ఫోకల్ లెంగ్త్ రెట్టింపైతే చేతి కదలిక కూడా ఫోటోలో రెట్టింపుగానే కనబడుతుంది.

ఇక పొడవు వల్ల నిజంగా ఎంత లాభమో లెక్క వేసి చూద్దాం. నీ డి5600 కెమెరాలో సెన్సరు వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. 50 మీటర్ల దూరంలో ఉన్న చెట్టును 300 దగ్గర చూస్తే ఫ్రేములో అడ్డంగా పట్టేది సుమారు 3.9 మీటర్లు, 500 దగ్గర 2.35 మీటర్లు, 600 దగ్గర రెండు మీటర్ల కంటే కొంచెం తక్కువ. గూడబాతు ముక్కు కొస నుంచి తోక దాకా మీటరున్నరకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి నీ దగ్గర ఉన్న 300తోనే అది ఫ్రేములో మూడో వంతుకు పైగా ఆక్రమిస్తుంది. అదే గూడబాతు రెక్కలు చాచి ఎగిరితే రెండు మీటర్లు దాటుతుంది కనుక, 600 దగ్గర పెట్టి చూస్తున్నవాడికి రెక్కల కొసలు ఫ్రేము బయటే ఉండిపోతాయి. తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టుకుని కూర్చుంటాయి. అక్కడ నీకు తక్కువ పడేది పొడవు కాదు, పొద్దున్నే వెళ్లి ఒకే చెట్టు కింద రెండు గంటలు కూర్చునే ఓపిక. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగల సంగతీ అంతే.

పక్షి ఫ్రేములో కొంచెం చిన్నదైనా మరీ కంగారు పడనక్కర లేదు. నీ కెమెరాది 24 మెగాపిక్సెళ్ల ఫోటో. దాన్ని పొడవులో సగానికి, ఎత్తులో సగానికి కత్తిరించినా ఇంకా 6 మెగాపిక్సెళ్లు మిగులుతుంది. స్టూడియోలో 12కు 8 అంగుళాల ప్రింటు శుభ్రంగా తీయడానికి అది చాలు. అయితే ఫోటో మొదటే పదునుగా వచ్చి ఉండాలి. మసకగా వచ్చినదాన్ని కత్తిరిస్తే మసకే పెద్దదవుతుంది.

నౌపడ మడుల దగ్గర మాత్రం కథ వేరు. అక్కడ గట్ల మీదా బురద అంచుల్లోనూ తిరిగే ఉల్లంకి పిట్టల్లో చిన్నవి 15 సెంటీమీటర్లకు మించవు, అవి మనిషిని దూరం నుంచే పసిగట్టి లేచిపోతాయి, దాక్కోవడానికి ఒక పొద కూడా ఉండదు. 40 మీటర్ల దూరంలో అలాంటి పిట్టను 300తో తీస్తే ఫోటో వెడల్పులో ఉన్న 6,000 పిక్సెళ్లలో దాని వంతుకు వచ్చేది మూడు వందలకు లోపే. 600తో తీస్తే దాదాపు ఐదు వందల యాభై వస్తాయి. మూడు వందలతో పిట్ట ఏ జాతిదో చెప్పడమే కష్టం, ఐదు వందల యాభైతో ఈకల వరసలు కొంతవరకు కనబడతాయి. సోంపేట బీల అనే చిత్తడి నేలలో బాతులను తీయాలన్నా ఇదే ఇబ్బంది. కాబట్టి నీ మనసు నిజంగా ఈ చిన్న నీటి పిట్టల మీద ఉంటే నీకు పొడుగు లెన్సు అవసరమే అని నేను ఒప్పుకుంటాను. నీ ఉత్తరంలో గూడబాతుల గురించి ఒక పేజీ రాసి, ఉల్లంకుల గురించి ఒక్క వాక్యం రాశావు. అందుకే నాకు అనుమానం వచ్చింది.

వెలుతురు గురించి చాలామంది పొరబడతారు. అంత పెద్ద అద్దం ముందు ఉంటే వెలుతురు బాగా వస్తుందనుకుంటారు. 600 మిల్లీమీటర్లను 6.3తో భాగిస్తే 95 మిల్లీమీటర్లు వస్తుంది, అంటే ఆ పెద్ద అద్దం అంతా ఎఫ్ 6.3 దక్కించుకోవడానికే సరిపోతోంది (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు). నీ 70-300 కూడా 300 దగ్గర ఎఫ్ 6.3యే. నికాన్ 200-500 అయితే ఎఫ్ 5.6, అంటే నీకు అదనంగా దొరికేది మూడో వంతు మెట్టు (వెలుతురు రెట్టింపైతే ఒక మెట్టు). ఎఫ్ 4 కావాలంటే 150 మిల్లీమీటర్ల అద్దం కావాలి, అటువంటి 600 లెన్సుల ధర అనేక లక్షల్లో ఉంటుంది, వాటి గురించి మనం మాట్లాడుకోవలసిన పని లేదు. పొడవు పెరిగినప్పుడు షట్టరు వేగం కూడా పెంచాలి గనుక, అంతే వెలుతురులో నీ ఐఎస్‌ఓ ఇంకా పైకి పోతుంది. ఎగిరే పక్షికి సెకనులో 1,600వ వంతు గానీ, చిన్న పిట్టకు 2,000వ వంతు గానీ లేనిదే రెక్కలు నిలవవు. లెన్సులో ఉండే కంపన నిరోధం నీ చేతి వణుకును ఆపుతుందే తప్ప పక్షి రెక్కను ఆపలేదు. మబ్బు పట్టిన ఉదయం ఈ వేగాలు పెడితే ఐఎస్‌ఓ 3,200 దగ్గరకు వెళ్తుంది, అక్కడ నీ కెమెరాలో ఈకల మీద గరుకు కనబడడం మొదలవుతుంది.

బరువు మాట కూడా తేలికగా తీసుకోకు. నీ 70-300 బరువు 415 గ్రాములు. నికాన్ 200-500 స్టాండుకు బిగించే కాలరుతో కలిపి 2,300 గ్రాములు, సిగ్మా 150-600 కాంటెంపరరీ 1,930, టామ్రాన్ రెండో తరం 150-600 సుమారు 2,010 గ్రాములు. సిగ్మాలోనే స్పోర్ట్స్ అని ఇంకొకటి ఉంది, అది 2,860 గ్రాములు, దాని జోలికి వెళ్లకు. దుకాణంలో రెండు నిమిషాలు ఎత్తి చూసినప్పుడు ఇవేవీ బరువనిపించవు. ఎగురుతున్న పక్షిని కంట్లో పెట్టుకుని పావుగంట పాటు ఎత్తి పట్టుకున్నప్పుడు ముందుగా ఎడమ భుజం చెబుతుంది. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) తప్పనిసరి అవుతుంది, లెన్సు పట్టే సంచీ వేరే కొనాలి, 95 మిల్లీమీటర్ల ఫిల్టరు కూడా చవక కాదు. లెన్సు ధర ఒక్కటే చూసుకుని నెలవాయిదా లెక్క కట్టావు, ఈ ఖర్చులు కూడా అందులో కలుపుకో. పైగా 500 దగ్గర కంటికి కనబడే భాగం ఎంత ఇరుకంటే, గొట్టంలోంచి ఆకాశంలో గద్దను వెతికినట్టే ఉంటుంది. 200 దగ్గర పక్షిని పట్టుకుని, దాన్ని వదలకుండా 500కు జరపడం అలవాటు కావాలి.

మన పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరానికి కూడా పనికొస్తుందని రాశావు, దానికి నేను ఒప్పుకోను. దసరా వెళ్లిన మంగళవారం మూడు లాంతర్ల దగ్గర జనం ఎలా ఉంటారో నీకు తెలియనిది కాదు. ఆ తొక్కిసలాటలో రెండు కిలోల లెన్సు ఎత్తి పట్టుకోవడానికి చోటుండదు, 200 కంటే తక్కువకు రాని లెన్సుతో మాను మొత్తం ఫ్రేములో పట్టదు, కోటకూ గుడికీ మధ్య మూడుసార్లు తిరిగేసరికి సాయంత్రపు వెలుతురు పడిపోతుంది. ఏదో ఒక మేడ మీద చోటు సంపాదించి, మాను కొసన కూర్చున్న పూజారి ముఖాన్ని నీ 70-300తో తీయి. ఆ రోజుకు అంతకు మించిన లెన్సు లేదు.

ఏ లెన్సూ తీర్చలేని చిక్కు ఒకటుంది. ఎండ ఎక్కాక ఉప్పు మడుల మీదా ఇసుక మీదా వేడి గాలి పైకి లేస్తూ అలలు అలలుగా కదులుతుంది. దూరపు వస్తువును పెద్దది చేసి చూపే లెన్సు ఆ గాలిని కూడా పెద్దది చేసి చూపిస్తుంది. ఉదయం తొమ్మిది దాటాక నౌపడలో వంద మీటర్ల అవతలి పిట్టను తీసి, లెన్సు పదునుగా లేదని దుకాణదారుతో తగువు పెట్టుకున్నవాళ్లను చూశాను. చలికాలంలో సూర్యోదయం నుంచి రెండు గంటలు, సాయంత్రం చివరి గంట, ఈ వేళల్లో తీయగలిగితేనే 600 మిల్లీమీటర్లకు అర్థం ఉంటుంది. బడి వేళలకు కట్టుబడిన నీకు అటువంటి ఉదయాలు ఆదివారాలే కదా, అది కూడా లెక్కలోకి తీసుకో.

ఇవన్నీ చదివిన తరువాత కూడా నీకు ఉల్లంకుల మీదే మనసుంటే, ఏది కొనాలో చెబుతాను. 500కూ 600కూ ఉన్న తేడా పెద్దది కాదు, 60 మీటర్ల దూరం 50 మీటర్లయినట్టు ఉంటుంది, అంతే. 600 చివర అంచున కొంత పదును తగ్గడం కూడా ఈ తరగతి లెన్సుల్లో మామూలే. నేనైతే నికాన్ 200-500 వైపు మొగ్గుతాను. అది 2015లో వచ్చిన లెన్సు, మిర్రర్‌లెస్ కెమెరాలకు మారిపోతున్నవాళ్లు అమ్ముతున్నారు కాబట్టి వాడినది మంచి ధరకు దొరుకుతుంది, రేపు నువ్వే నికాన్ మిర్రర్‌లెస్ అయిన జెడ్ కెమెరాకు మారినా, పాత లెన్సును దానికి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టరుతో దాని ఆటోఫోకస్ పని చేస్తుంది. బయటి కంపెనీల లెన్సులకు అడాప్టరు మీద అప్పుడప్పుడు ఫర్మ్‌వేరు సరిచేయించుకోవలసి వస్తుంది. అయితే ఒక్క విషయంలో సిగ్మాకూ టామ్రాన్‌కూ పైచేయి ఉంది. ఫోకస్ కొంచెం ముందుకో వెనక్కో పడుతుంటే వాటిని కంప్యూటరుకు కలిపే ఆ కంపెనీల యూఎస్‌బీ పరికరంతో ఇంట్లోనే సరిచేసుకోవచ్చు, నికాన్ లెన్సును సరిచేసే ఏర్పాటు నీ డి5600లో లేదు. అందుచేత డబ్బు చేతికివ్వక ముందే నీ కెమెరాకే తగిలించి, స్టాండు మీద పెట్టి, 500 దగ్గర ఒక వార్తాపత్రికను వ్యూఫైండరుతో ఒకసారి, వెనక తెర మీద చూసే లైవ్ వ్యూతో ఒకసారి తీసి పోల్చి చూడు. రెండింటికీ పదునులో తేడా కనబడితే ఆ లెన్సు నీకు వద్దు. లెన్సుకూ కెమెరాకూ మధ్య పొడవు పెంచే 1.4 రెట్ల కన్వర్టరు పెడితే 700 అవుతుందని ఎవరైనా చెబితే వినకు, ఎఫ్ 8 దగ్గర నీ కెమెరా నమ్మకంగా ఫోకస్ చేయదు. 2023లో వచ్చిన జెడ్ 180-600 చాలా మంచిదని నువ్వు చదివినది నిజమే, కానీ అది నీ కెమెరాకు తగలదు.

వాడిన లెన్సు చూసేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి లోపలి అద్దాలు పరీక్షించు. సాలెగూడు లాంటి తెల్లని దారాలు కనబడితే అది బూజు. ఈ లెన్సులు జూమ్ చేసినప్పుడల్లా సాగుతూ ముడుచుకుంటూ బయటి గాలిని లోపలికి పీలుస్తాయి. మన తీరపు గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. కళింగపట్నం ఒడ్డున ఒక సాయంత్రం తీసి, తుడవకుండా సంచీలో పెట్టి మూసేస్తే వర్షాకాలం వెళ్లేసరికి బూజు రావడానికి అది చాలు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పాటు చిన్న తేమ మీటరు పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. లక్ష పెట్టినవాడు ఈ డబ్బాకు వెయ్యి రూపాయలు పెట్టడానికి ఎందుకు వెనకాడతాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంకొకటి. పొడుగు లెన్సు చేతికి వచ్చినవాడు దూరంగానే నిలబడతాడని అనుకుంటాం, తీరా చూస్తే ఇంకా దగ్గరకు పోయేవాడే ఎక్కువ. గూటి మీద ఉన్న తల్లి పక్షి బెదిరి లేచిపోతే ఆ రెండు నిమిషాల్లో కాకులు గుడ్లో పిల్లలో ఎత్తుకుపోతాయి. పక్షి తల ఎత్తి నీ వైపే చూస్తూ ఉందంటే నువ్వు అప్పటికే ఎక్కువ దగ్గరకు వచ్చినట్టు. ఏ లెన్సు ఉన్నా అక్కడే ఆగిపో.

నా మాట అడిగావు గనుక చెబుతున్నాను, ఈ దసరాకు కొనకు. అక్టోబరులో పక్షులు రావడం మొదలయ్యాక, విశాఖపట్నంలో కెమెరా సామాను అద్దెకిచ్చేవాళ్ల దగ్గర 200-500ను ఒక శనివారం సాయంత్రం తెచ్చుకుని, ఆదివారం ఉదయమంతా నౌపడలోనే గడుపు, తేలినీలాపురం వెళ్లకు. డిసెంబరులో ఇంకొకసారి అలాగే చెయ్యి. రెండు అద్దెలూ కలిపినా నీ నెలవాయిదాల ముందు చిన్న మొత్తమే. ఆ రెండు ఉదయాల ఫోటోలనూ, కిందటి ఏడాది చెడిపోయిన ఫోటోల లెక్క రాసుకున్న కాగితాన్నీ సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకురా. కూర్చుని చూద్దాం. అప్పటికీ కొనాలనిపిస్తే విశాఖకు నేనూ వస్తాను, టార్చి నా దగ్గరే ఉంది. ఈలోగా ఎవరైనా బిల్లు లేకుండా చవకగా ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకు. సీరియల్ నంబరు వేసిన భారతదేశపు బిల్లూ వారంటీ కార్డూ లేని లెన్సును సర్వీసు సెంటరువారు వారంటీ కింద ముట్టుకోరు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య