స్కాన్ చూసి జన్యు మార్పును అంచనా వేసే రంగం: బైపీసీ అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా పాప ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. వాళ్ల తాతకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినప్పుడు స్కాన్ వెంటనే తీశారు కానీ బయాప్సీ, జన్యు పరీక్ష రిపోర్టుల కోసం చాలా రోజులు ఎదురుచూశాం. స్కాన్ చూసే కణితిలోని జన్యు మార్పును కంప్యూటర్ చెప్పగలదని పాప చదివిందట, ఆ పనే చేస్తానంటోంది. బంధువులేమో లాంగ్‌టర్మ్ కోచింగ్ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, పాప చదివింది నిజమే. ఆ రంగాన్ని రేడియోమిక్స్ అంటారు. సీటీ స్కాన్‌లో కణితి ఆకారం ఎలా ఉంది, అంచు నునుపుగా ఉందా ముళ్లుముళ్లుగా ఉందా, లోపల ఎక్కడ చిక్కగా ఉంది, ఇవన్నీ అంకెల్లోకి మార్చి ఈజీఎఫ్ఆర్ లాంటి జన్యువులో మార్పు ఉండే అవకాశాన్ని లెక్కగడతారు. ఆ మార్పు ఉన్న చాలామందికి ఓసిమెర్టినిబ్ లాంటి మాత్రలు పనిచేస్తాయి, అందుకే డాక్టర్లకు ఆ సమాచారం అంత ముఖ్యం. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో ఊపిరితిత్తుల, తల-మెడ క్యాన్సర్లున్న 1,019 మంది స్కాన్ల నుంచి కణితి ఆకారం, అంచు లాంటి 440 కొలతలు లెక్కించి, వాటిలో కొన్నిటికి జన్యువుల పనితీరుతో సంబంధం ఉందని చూపారు.

అయినా ఇది అంచనాయే. ఒక ఆసుపత్రి స్కాన్లతో నేర్పిన ప్రోగ్రామ్ ఇంకో ఆసుపత్రిలో తడబడుతుంది. అక్కడ మెషిన్ వేరు, స్లైస్ (స్కాన్ తీసే ఒక్కో అడ్డుకోత బొమ్మ) మందం వేరు, కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా కనిపించడానికి ఎక్కించే మందు) ఇచ్చే తీరు వేరు. అందుకే మందు నిర్ణయించేది ఇప్పటికీ బయాప్సీ ముక్కను, లేదా రక్తంలోని కణితి డీఎన్ఏను పరీక్షించాకే. తాతగారికి చేసిన పరీక్షలు వృథా కాదని పాపకు తప్పకుండా చెప్పండి.

స్కాన్ ఎలా తీస్తారో, ఎక్కడ తేడా వస్తుందో చేత్తో చేసి తెలుసుకున్నవాళ్లు ఈ పరిశోధనకు చాలా అవసరం. అందుకే నేనైతే తిరుపతి స్విమ్స్‌లో ఉన్న బీఎస్సీ రేడియోగ్రఫీ లాంటి కోర్సు ముందు చూడమంటాను. రేపు పరిశోధన నచ్చకపోయినా సీటీ, ఎమ్మారై విభాగాల్లో ఉద్యోగం ఉంటుంది, ఆడపిల్ల తన కాళ్ల మీద తను నిలబడుతుంది. అయితే ఆ డిగ్రీలో రేడియోమిక్స్ నేర్పరు. అసలు కష్టం లెక్కలతోనే. పదో తరగతితో ఆగిపోయిన గణితాన్ని మళ్లీ మొదలుపెట్టాలి, స్టాటిస్టిక్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష సొంతంగా నేర్చుకోవాలి, ఆ తర్వాత పీజీ. ఇది ఏళ్ల పని, ముందే తెలిసి దిగడం మేలు.

డాక్టర్ కావాలన్న కోరిక పాపదే అయితే ఒక ఏడాది లాంగ్‌టర్మ్ పెట్టండి. ఎంబీబీఎస్, ఆపైన మూడేళ్ల ఎండీ రేడియాలజీ చేసినా ఇదే రంగంలోకి రావచ్చు. బంధువుల మాట కోసమైతే వద్దు. డిగ్రీ లేకుండానే ‘ఏఐ హెల్త్‌కేర్ ఎక్స్‌పర్ట్’ చేస్తామంటూ వేలకు వేలు అడిగే సర్టిఫికెట్ కోర్సులకు మాత్రం ఒక్క రూపాయి కట్టకండి.

ఈలోగా ఒక పని చేయించండి. 3డీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. క్యాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పేర్లు తీసేసిన రోగుల స్కాన్లూ ఉచితమే, 211 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల వివరాలున్న సెట్ కూడా అందులో ఉంది. ఒక స్కాన్ తెరిచి, ప్రతి స్లైస్‌లో కణితి అంచు గీయమనండి. ఈ రంగంలో రోజువారీ పని చాలావరకు ఇలాగే ఓపికగా సాగుతుంది. రెండు వారాలు చేశాక ఆమెకు ఎలా అనిపించిందో నాకు రాయండి, అప్పుడు కాలేజీల దరఖాస్తుల సంగతి చూద్దాం.