మామకు రాసిన లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల మొదటి అధ్యాయం చదివాను. వేంగిని ఏలిన రాజరాజ నరేంద్రుణ్ణి ఎంచుకున్నందుకు ఎంత సంతోషించానో చెప్పలేను. రాజమండ్రి అనగానే మనవాళ్ళంతా నన్నయ దగ్గరే ఆగిపోతారు.

కానీ నరేంద్రుడి చేత రాజేంద్ర చోళుడికి రాయించిన లేఖ ఒప్పుకోలేను. "మా గడ్డ జోలికి రావద్దు" అని గద్దించే వీలు ఆయనకెక్కడిది? 1022లో పట్టాభిషేకం జరిగిందే చోళుల అండతో. సవతి తమ్ముడు విజయాదిత్యుడికేమో పశ్చిమ చాళుక్యుల దన్ను. రాజేంద్రుడు స్వయానా మేనమామ, పైగా కూతురు అమ్మంగనిచ్చిన మామ. నీ కథంతా ఇక్కడే ఉందమ్మా.

ఆ లేఖలో నరేంద్రుడు సైన్యం పంపమని అడగాలి. వచ్చిన సైన్యం తిరిగి ఎప్పుడు వెళ్తుందో మాత్రం అడగలేడు. అది ఉన్నన్నాళ్ళూ తిండిగింజలు మన గాదెల్లోంచే పోవాలి. ఆ బెంగ కుశల ప్రశ్నల మధ్య దూర్చు: "ఈ ఏడు గోదావరి రెండుసార్లు పొంగింది, పల్లపు చేలన్నీ మునిగాయి, అమ్మంగ తండ్రిగారిని తలుచుకుంటోంది." రాజేంద్రుడి రాజధాని గంగైకొండ చోళపురంలో చదివినవాడికి అంతా తెలిసిపోతుంది.

బిరుదుల దగ్గర తొందరపడకు. వేంగి రాజుల రాగి శాసనాల ముద్ర మీద వరాహం, "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదు ఉంటాయి. నన్నయ రచించిన నందంపూడి శాసనంలాగా అగ్రహారం ఇచ్చేటప్పుడైతే రాజుకు సంకోచం లేదు. మరి మామకు పంపే తాటాకు మీద ఆ బిరుదు రాయించుకుంటాడా? లేఖకుడు గంటం ఎత్తి పట్టుకుని రాజు ముఖం చూడాలి. ఆకు మీద గీసిన అక్షరం చెరపడం కుదరదు, కొత్త ఆకు తీయాల్సిందే. ఆ క్షణానికి ఒక పేజీ అంతా ఇచ్చినా నేను విసుక్కోను. యుద్ధానికి నాలుగు పేజీలు ఇచ్చావు, ఒకటి చాలు.

ఒకసారి ద్రాక్షారామం వెళ్ళిరా. భీమేశ్వరుడి గుడిలో వందల శాసనాలున్నాయి. వాటి అచ్చు ప్రతి చేతిలో పెట్టుకుని చూడు: ఎవరి ఏలుబడితో మొదలవుతోంది, దాత పేరు ఎంత తర్వాత వస్తోంది, ఎవరికెన్ని బిరుదులు. కులోత్తుంగుడి కాలపువీ దొరుకుతాయి. అమ్మంగ కొడుకైన ఆ కులోత్తుంగుడే కదా 1070లో చోళ సింహాసనం ఎక్కింది! నీ నవల అక్కడిదాకా నడుస్తుందో, నరేంద్రుడితోనే ముగుస్తుందో వచ్చే ఉత్తరంలో రాయి.

ఇట్లు,
మాస్టారు